అమ్మమ్మ వినని అధ్యాయములు

దీపము పెట్టిన పిమ్మట పెద్దలకు పురాణము చదివి వినిపించుట మన యిండ్లలో చిరకాలముగా నున్న యాచారము. చదువు నేర్చిన పిల్లలు చదువుదురు, చదువెఱుగని పెద్దలు విందురు. అయినను ఏ ఘట్టము చదువవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించువారు మాత్రము వినువారే. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో మా యత్తగారికి రామాయణము చదివి వినిపించుచుంటిమి. ఉత్తరకాండమున సీతమ్మను అడవిలో విడిచిన సర్గలు రాగానే ఆమె చేయి యెత్తి, "ఆ పుటలు త్రిప్పివేయుము తల్లీ, నేను వినను" అనుచుండిరి. కారణ మడిగినచో కన్నుల నీరు నింపుకొనుటయే గాని బదులు చెప్పువారు కారు.

ఇట్టి శ్రోత యొకామె సముద్రముల కావల, అమెరికా దేశమున ఫ్లోరిడా రాష్ట్రమందలి డేటోనా పట్టణమున నుండిరి. ఆమె పేరు నాన్సీ ఆంబ్రోస్. నల్లజాతి స్త్రీ. ఆ రాష్ట్రముననే మాడిసన్ ప్రాంతపు తోటలలో బానిసగా జన్మించి, అంతర్యుద్ధము ముగిసి 1865లో దాస్యము రద్దయిన పిమ్మట స్వతంత్రురాలైనవారు. చదువను వ్రాయను రాదు. మంత్రసాని పని చేసి ఊరిలో ఎందఱికో పురుళ్లు పోసిరి. ఆమెకు నిత్యము బైబిలు చదివి వినిపించు పని చిన్న మనుమనిది. ఆ బాలుని పేరు హొవార్డు థర్మను. 1899వ సంవత్సరమున జన్మించెను. పెరిగి పెద్దయై, తన జాతివారి మతాచార్యులలో మిక్కిలి లోతు గల యాలోచనాపరుడని ఖ్యాతి గాంచెను. మేము చెప్పబూనినది ఆయన కథయే. కాని అమ్మమ్మను విడిచి ఆ కథ చెప్పుటకు వీలు లేదు.

అమ్మమ్మకు కీర్తనలనిన ప్రీతి. యెషయా ప్రవక్త వాక్యములనిన ప్రీతి. సువార్తలను మరల మరల చదివించుకొనుచుండిరి. కాని పౌలు మహాశయుడు వ్రాసిన పత్రికలను మాత్రము దరిజేరనిచ్చువారు కారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ప్రేమను గూర్చిన పదుమూడవ అధ్యాయ మొక్కటి ఎప్పుడైన నొకసారి చదువనిత్తురు, తక్కినది వలదందురు. బాలుడు కారణ మడుగుటకు ధైర్యము చాలక ఊరకుండెను. కాలేజీలో చదువుచు సెలవులకు ఇంటికి వచ్చినపుడు గాని ఆ ప్రశ్న నోట వెలువడలేదు.

అప్పుడామె చెప్పిన సంగతి యిది. దాస్యపు దినములలో యజమాని తన తెల్లజాతి పాస్టరును అప్పుడప్పుడు బానిసలకు బోధింప నియమించుచుండెను. ఆ పాస్టరు ప్రతిసారియు పౌలు వాక్యమునే యెత్తుకొని, బానిసలు యజమానులకు లోబడియుండుట దైవశాసనమని, మంచి బానిసలై సంతోషముగా నుండినచో దేవుడు మేలు చేయునని బోధించుచుండెను. ఆ మాటలు వినుచు నాన్సీ తనలో తాను దేవునితో నొక యొప్పందము చేసికొనెను: ఏనాటికైన తనకు స్వేచ్ఛ వచ్చి, చదువను కూడ వచ్చినచో, ఆ భాగమును మాత్రము చదువనని. స్వేచ్ఛ వచ్చినది. చదువు రాలేదు. అయినను మాట తప్పలేదు. మనుమని చేత గూడ చదివించుకొనలేదు.

సోదరీమణులారా, ఈ సంగతి చదివినపుడు మేము పుస్తకము మూసి కొంతతడవు ఊరకుంటిమి. అక్షర మెఱుగని యొక దాసి ప్రపంచమున కోట్ల జనులు పూజించు గ్రంథమును ఎదుట నుంచుకొని, ఇది దైవవాక్యము, ఇది యజమాని వాక్యము అని తానే విడదీసికొనెను. ఏ పండితుని అడుగలేదు. గ్రంథమును పారవేయను లేదు. మన యిండ్లలో చదువుకొన్నవారు గ్రంథమునంతటిని నెత్తిన పెట్టుకొనుటయో, మొత్తముగ దూషించుటయో చేయుచుందుము. ఆమె మార్గము ఈ రెంటికంటె కష్టమైనదని మాకు తోచును.

ఆమె మనుమలకు మఱియొక కథ కూడ చెప్పుచుండిరి. యజమాని అనుమతితో ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు బానిస యొకడే వచ్చి తోడి బానిసలకు బోధించుచుండెను. అతడేమి చెప్పినను క్రీస్తును సిలువ వేసిన కథతో ముగించువాడు. ముగించిన పిమ్మట కొంచెమాగి, ఎదుట నున్నవారి ముఖములను ఒక్కొక్కటిగ పరికించి, మీరు బానిసలు కారు, దేవుని బిడ్డలు అను భావమును చెప్పువాడు. ఈ ఘట్టమునకు వచ్చునప్పటికి ముదుసలి అమ్మమ్మ నడుము నిటారుగా నిలిచెడిదని మనుమడు వ్రాసికొనెను.

హొవార్డునకు ఏడేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. ఆయన రైలుదారి వేయు కూలిపని వాడు. పదునైదు దినముల కొకమారు ఇంటికి వచ్చువాడు. మంచివాడే గాని చర్చికి పోవువాడు గాదు. అందుచేత చర్చిలో అంత్యక్రియలు జరుపుటకు అక్కడి పాస్టరు సమ్మతింపలేదు. నాన్సీ అమ్మమ్మ చర్చి పెద్దలతో తలపడి ఒప్పించిరి. కాని ఊరికి వచ్చిన సంచార బోధకుడొకడు ప్రసంగించుటకు పూనుకొని, అవిశ్వాసి యగు మృతుడు నరకమునకే పోవునని శవము నెదుటనే దీర్ఘముగ వర్ణించెను. తల్లి ప్రక్కన కూర్చుండిన పసివాడు, ఈయనకు మా నాయన తెలియనే తెలియదు గదా యని తల్లిని మరల మరల అడుగుచుండెను. పెద్దవాడనైన పిమ్మట చర్చి గడప త్రొక్కనని ఆ దినమే నిశ్చయించుకొనెను. విధి విలాసము చూడుడు: ఆ బాలుడే అర్ధశతాబ్దికి పైగా చర్చిలో నిలిచి బోధించినవాడు.

తల్లి పరుల యిండ్లలో వంట చేసి కుటుంబమును పోషించుచుండెను. పిల్లలను పెంచినది అమ్మమ్మయే. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో తెల్లవారికి నల్లవారికి బడులు వేఱు, రైలు పెట్టెలు వేఱు, శ్మశానములు సైతము వేఱు. వేఱుగ నుంచినను సమానమే యని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1896లో తీర్పు చెప్పియుండెను. ఆ సమానత్వము ఎట్టిదో ఒక చిన్న సంగతివలన తెలియగలదు. హొవార్డు ఒక తెల్లవారి యింట దొడ్డిలో రాలిన యాకులు పోగుచేయు పనికి కుదిరెను. ఆ యింటి చిన్నపిల్ల ఆటగా ఆకుల కుప్పను చెదరగొట్టుచుండగా వలదని వారించెను. ఆ పిల్ల కోపించి గుండుసూదితో వాని చేతిమీద పొడిచెను. వాడు బాధతో చేయి వెనుకకు లాగుకొనగా, ఆ పసిది నిజముగనే ఆశ్చర్యపడి, నీకు నొప్పి తెలియదు గదా యనెను! ఆ పిల్ల దుష్టురాలు గాదు. పెద్దలెవ్వరు కూర్చుండబెట్టి నేర్పియుండరు. ఇంటిగాలిలో నున్నదానిని అది పీల్చుకొనినది. పిల్లలను పెంచు తల్లులమగుటచే ఈ సూదిపోటు మాకు బహుదినములు తగిలియుండెను.

డేటోనాలో నల్లవారి బిడ్డలకు ఏడవ తరగతితో చదువు సరి. ఎనిమిదవ తరగతి లేదు గనుక హైస్కూలునకు అర్హత లేదు. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు తన తీరిక వేళలలో హొవార్డునకు ఎనిమిదవ తరగతి పాఠములు చెప్పి పరీక్షకు పంపెను, బాలుడు కృతార్థుడాయెను. (ఉపాధ్యాయుని యింటిలో నున్న మాకు, జీతము లేని యీ తీరిక వేళల విలువ బాగుగ తెలియును.) పిమ్మట జాక్సన్‌విల్ పట్టణమున చర్చివారు నడుపు విద్యాలయమునకు పోవలసివచ్చెను. ఎరువు తెచ్చుకొన్న పాత పెట్టెకు తాళము లేదు, పిడి లేదు, త్రాటితో కట్టిరి. రైలు స్టేషనులో గుమాస్తా, చీటి పిడికే కట్టవలెను గాని త్రాటికి కట్టరాదని, కావున ప్రత్యేక రుసుము చెల్లించి పెట్టెను వేఱుగ పంపుకొనవలెనని చెప్పెను. టిక్కెట్టు కొనగా చేతిలో మిగిలినది అత్యల్పము. బాలుడు స్టేషను మెట్లపై కూర్చుండి విలపించెను. అంతలో పనిబట్టలు ధరించిన నల్లజాతి మనుష్యుడొకడు వచ్చి నిలిచి, సంగతి విని, చదువుకొనుటకు ఊరు విడిచి పోదలచిన బాలునకు తానీ మాత్రము సాయము చేయగలనని రుసుము చెల్లించి, రసీదు చేతిలో పెట్టి, మాటాడక రైలు పట్టాల వెంబడి వెడలిపోయెను. హొవార్డు అతనిని మరల నెన్నడు చూడలేదు.

అటుపై చదువు సాగిన తీరు సంగ్రహముగ చెప్పుదుము. అట్లాంటాలో మోర్‌హౌస్ కళాశాలనుండి 1923లో పట్టము పొందెను. పిమ్మట రోచెస్టరులోని దైవశాస్త్ర విద్యాలయమున చేరెను. అచ్చట ఏటికి ఇద్దఱికి మించి నల్లవారిని చేర్చుకొనరాదని నియమ ముండెడిదట. దైవశాస్త్రమునకు సైతము ఈ లెక్కలు తప్పలేదు! 1926లో ఓబర్లిన్ పట్టణమున మౌంట్ జాయన్ బాప్టిస్టు చర్చికి పాస్టరయ్యెను. మొదటి భార్య కేటీ కెల్లీ క్షయవ్యాధిచే 1930లో స్వర్గస్థురాలు గాగా, 1932లో సూ బెయిలీ అను విద్యావతిని వివాహమాడెను. ఆ యేటనే వాషింగ్టనులోని హొవార్డు విశ్వవిద్యాలయమున ప్రార్థనామందిరాధిపతి యయ్యెను.

1935లో భారత విద్యార్థి క్రైస్తవ సంఘమువారు అమెరికా నల్లజాతివారిని కొందఱను తమ దేశమునకు ఆహ్వానించిరి. థర్మను దంపతులు, కారల్ అను మఱియొక పాస్టరు దంపతులు కలసి నలుగురు బయలుదేరి సింహళము, బర్మా, హిందూదేశము సంచరించిరి. థర్మనుగారు మొదట సంశయించిరి. స్వదేశమున తమతో కలసి కూర్చుండి ప్రార్థింపని మతమును పరదేశమున కొనియాడుటకు తాము పోవుటా యని వారి సంకోచము. ఆ సంకోచము కొలంబో నగరమున మూర్తీభవించి ఎదుట నిలిచినది.

అచ్చటి న్యాయకళాశాలలో థర్మనుగారు ప్రసంగించిన పిమ్మట, యువకుడగు ఒక న్యాయవాది వారిని చాటునకు పిలిచి యిట్టి ప్రశ్న వేసెను. మీ పూర్వులను ఆఫ్రికా తీరమునుండి బంధించి కొనిపోయినవారు క్రైస్తవులు. మిమ్ము కొన్నవారును అమ్మినవారును క్రైస్తవులు. బానిసలను మోసిన ఓడ యొకదానికి యేసు నామమే యుంచిరి. దాస్యము పోయిన పిదప మిమ్ము మూకలుగ గూడి చెట్లకు ఉరితీయుచున్నవారును క్రైస్తవులే. ఇంత జరిగియు మీరు క్రైస్తవులై యిచ్చటికి వచ్చితిరనిన, నల్లనివారి కందఱికి ద్రోహము చేయుచున్నారని మాకు తోచుచున్నది; మీ సమాధానమేమి?

అతని మాటలలో అతిశయోక్తి లేదు. 1560 ప్రాంతమున ఆంగ్లేయుడగు జాన్ హాకిన్సు ఆఫ్రికా బానిసలను రవాణా చేసిన ఓడలలో ఒకటి ఎలిజబెత్తు రాణిది. దాని పేరు జీసస్. ఇక మూకహత్యల విషయమన, టస్కీగీ విద్యాలయమువారు కూర్చిన లెక్కల ప్రకారము 1882 మొదలు 1968 వఱకు అట్లు చంపబడిన నల్లవారు 3,446 మంది. లెక్కకు రానివారి మాట వేఱు.

థర్మనుగారికి కోపము రాలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదని యొప్పుకొనిరి. క్షీణించుచున్న మతమునకు ఊతగా తాము రాలేదనియు, యేసు ఆచరించిన ధర్మము వేఱు, ఆయన పేరిట నడచుచున్న మతము వేఱనియు, తాము మొదటిదానికి మాత్రమే కట్టుబడినవారమనియు చెప్పిరి. ఆ సంవాదము ఐదు గంటలు సాగెనట. అమ్మమ్మ పుటలు త్రిప్పివేయించినపుడు చేసిన విభజన యిదియే గదా! ఆమె మాటలలో చెప్పలేదు, మనుమడు చెప్పవలసివచ్చెను. కాని ఆ గంటలతో ప్రశ్న తీరలేదు. తరువాత పదునాలుగేండ్లు దానిని వెంట నుంచుకొని తిరిగిరి.

1936 ఫిబ్రవరిలో ఆ నలుగురు గుజరాతులోని బార్డోలీలో మహాత్మాగాంధిగారిని దర్శించిరి. గాంధిగారు అప్పుడే వ్యాధినుండి తేరుకొనుచుండిరి. అయినను గుడారము వెలుపలికి వచ్చి అతిథులను ఎదుర్కొనిరి. తామెన్నడు అట్లు చూడలేదని కార్యదర్శి మహాదేవ దేశాయిగారే ఆశ్చర్యపడిరట. అంతట ప్రశ్నలవాన కురిసినది. దాస్యము ఎట్లు పోయినది, ఓటు హక్కు సంగతి యేమి, బడులెట్లున్నవి, ఉరితీతలు ఆగినవా, బానిసకు యజమానికి భేదమెంచని ఇస్లామును మీరేల స్వీకరింపలేదు — ఇట్లు దీర్ఘముగ అడిగిరి.

అందఱికంటె కఠినమైన ప్రశ్న వేసినది మాత్రము శ్రీమతి థర్మను. నా కన్నులయెదుట నా సోదరుని మూక చంపుచున్నచో నేనేమి చేయవలెను, అహింస నాకేమి చెప్పును, అని ఆమె అడిగిరి. చంపినవారికి కీడు తలపరాదనియు, అట్టివారిని భరించు సమాజముతో సహకరింపక, అవసరమైనచో ఆ నిరాకరణలో ప్రాణమే యర్పింపవలెననియు గాంధిగారి సమాధానము. మహాత్ముని మాటను త్రోసిపుచ్చుటకు మేమెవ్వరము? అయినను నిజము చెప్పవలెను: సోదరుని పోగొట్టుకొనినది ఆమె, ప్రాణమిడవలసినదియు ఆమెయే యనిన మా మనస్సు సమాధానపడలేదు. ఆ ఉత్తరము సత్యమైనది కావచ్చును. వినుటకు మాత్రము బహు కఠినము.

దేశమంతట అహింసోద్యమము ఇంకను ఫలింపలేదేల యని అతిథులు అడిగినపుడు, ప్రజలలో ఆకలిచేతను ఆత్మగౌరవలోపముచేతను సత్తువ లేదని గాంధిగారు చెప్పిరి. ఆ ఆత్మగౌరవమును పోగొట్టినది పరదేశీయుల పాలన యొక్కటియే గాదు, మనవారు మనవారినే అంటరానివారని వెలివేయుట ప్రధాన కారణమని వివరించిరి. ఈ భాగము చదువుచుండగా మా యింటి రామాయణ పఠనము జ్ఞప్తికి వచ్చినది. సీతమ్మ ఘట్టము రాగా పుటలు త్రిప్పించిన మా యత్తగారు, అదే కాండమున శంబూకవధ వచ్చినపుడు త్రిప్పుమనలేదు. చదువుచున్న మేమును ఒక్క క్షణమైన ఆగలేదు. సీతమ్మ దుఃఖము మా దుఃఖము గనుక గుండె పట్టివేసినది. తపస్సు చేసినందుకు తల కోల్పోయిన శూద్రుని దుఃఖము మాది గాదు గనుక గొంతు తడబడలేదు. సూదితో పొడిచిన ఆ పసిదానిని ఏమనుటకు మాకు నోరు రాదు.

సెలవు తీసికొనుటకు ముందు గాంధిగారు పాట పాడుమని కోరిరి. బానిసలు తోటలలో కూర్చుకొని పాడుకొన్న భక్తిగీతములను రెంటిని వారు పాడిరి. శ్రీమతి థర్మను ఆయనను అమెరికాకు రండని పిలిచిరి. తెల్లవారి కొఱకు గాదు, మా కొఱకని నొక్కి చెప్పిరి. ఇక్కడ తన పని నెగ్గకుండ అచ్చటికి వచ్చుట యెట్లని గాంధిగారు వెనుదీసిరి. అయితే, అహింసాసందేశము కల్మషము లేక లోకమునకు అందినచో మీ జాతిద్వారా అందవచ్చును అను భావమును వెల్లడించిరి. ఈ సంభాషణ ఆ సంవత్సరము మార్చినెల హరిజన్ పత్రికలో ప్రకటింపబడినది.

శ్రీమతి థర్మనును గూర్చి రెండు మాటలు చెప్పక దాటుట మాకు సమ్మతము గాదు. భర్త చరిత్ర వ్రాయువారు ఆమెను తరచుగ ఒక వాక్యముతో సరిపెట్టుదురు. ఆమె స్వదేశమునకు పోయి భారత స్త్రీలను గూర్చి ఊరూర ఉపన్యసించి, నల్లజాతి విద్యార్థినులు పరదేశములలో చదువుటకు జూలియట్ డెరికాట్ పేర విద్యార్థివేతనము నెలకొల్పిరి. డెరికాట్ గారు వీరికంటె ముందే హిందూదేశమునకు వచ్చి చూచిపోయిన విదుషి. 1931లో జార్జియా రాష్ట్రమున మోటారు ప్రమాదమున గాయపడగా, తెల్లవారి ఆస్పత్రిలో ప్రవేశము లేక మరణించిరి. నల్లజాతి స్త్రీల జాతీయ సమితివారు 1940లో ఆరంభించిన స్త్రీల పత్రికకు తొలి సంపాదకురాలు శ్రీమతి థర్మనుయే. వారి జాతి వంటకములను చరిత్రతో జోడించి 1958లో ఒక గ్రంథము కూడ ప్రకటించిరి. వంటయిల్లు చరిత్రకు వెలియని తలచువారు ఈ సంగతి గమనింతురు గాక.

హిందూదేశ యాత్రలో వాయవ్యమున కైబరు కనుమను చూచుచు నిలిచినపుడు థర్మనుగారికి ఒక సంకల్పము కలిగినది. జాతిభేదము పాటింపక అందఱు నిజముగ కలసి ప్రార్థించు చర్చి సాధ్యమో కాదో మాటలతో గాక చేసి చూడవలెనని. ఆ అవకాశము 1944లో వచ్చినది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్‌ఫ్రెడ్ ఫిస్క్ అను తెల్లజాతి పాస్టరు, తత్త్వశాస్త్రాధ్యాపకుడు, అట్టి చర్చిని స్థాపింపదలచి తోడు కోరెను. థర్మనుగారు విశ్వవిద్యాలయమునుండి జీతము లేని సెలవు పుచ్చుకొని, భార్యాబిడ్డలతో దేశపు ఆ చివరకు తరలిరి.

ఊరి స్థితి అప్పుడు విషమము. యుద్ధకారణమున 1942లో పశ్చిమతీరపు జపాను సంతతివారిని లక్షకు పైబడి నిర్బంధశిబిరములకు తరలించిరి. వారు విడిచిన యిండ్లలోనికి ఓడల కర్మాగారములలో పనికి వచ్చిన నల్లవారు చేరిరి. 1940లో ఆ నగరమున ఐదువేలకు లోబడియున్న నల్లవారు 1950 నాటికి నలువది మూడువేలకు పైబడిరి. ఒకరి బాధపై నొకరి కాపురము నిలిచిన చోట 'సర్వజన సహవాస చర్చి' వెలసినది. ఇద్దఱు పాస్టర్లు, ఒకరు తెల్లవారు, ఒకరు నల్లవారు, ఒకే వేదిక. తెల్లవారు, నల్లవారు, ఆసియా సంతతివారు ఒకే బల్లపై కూర్చుండిరి. అది నేటికిని ఆ నగరమున నడచుచున్నది. ఒక్క చర్చిచే జాతిద్వేషము సమసిపోయినదని మేము చెప్పము. కలసి కూర్చుండుట అసాధ్యమని వాదించువారికి మాత్రము అది చాల చిక్కైన సాక్ష్యము.

1949లో కొలంబో ప్రశ్నకు ఉత్తరము గ్రంథరూపమున వెలువడినది. 'యేసు – సర్వము కోల్పోయినవారు' అని ఆ గ్రంథనామమును తెనుగున చెప్పవచ్చును. చిన్న పుస్తకమే. వెన్ను గోడకు ఆనియున్నవారికి ఈ ధర్మమేమి చెప్పును, అనునదే అందలి విచారణ. యేసు బీదవాడు, యూదుడు, రోమను పాలకుల పాదముల క్రింద నలిగిన జాతివాడు. ఆయనకు రోము పౌరసత్వపు రక్షణ లేదు. పౌలునకు కలదు. కావున దాసుని స్థితిని గూర్చి వారిరువురి మాటలు ఒకే తీరున నుండజాలవని థర్మనుగారు చూపిరి. నాన్సీ అమ్మమ్మ చేసికొన్న యొప్పందమును గ్రంథారంభముననే చెప్పిరి. భయము, కపటము, ద్వేషము — ఈ మూడును అణగద్రొక్కబడినవారిని లోపలినుండి తినివేయునని, వానిని జయించిన పిమ్మట గాని ప్రేమ యను మాటకు అర్థము లేదని వాదించిరి. ద్వేషమును గూర్చిన యధ్యాయమున తమవారిని ఊరక మందలింపరు. నిస్సహాయునకు అది యెట్లు తాత్కాలికముగ బలమిచ్చునో ముందు ఓర్పుతో చెప్పి, పిమ్మట అది అతనినే ఎట్లు కాల్చునో చూపుదురు. అది యనుభవించినవారు వ్రాయదగిన యధ్యాయము.

1953లో వారు బోస్టను విశ్వవిద్యాలయపు ప్రార్థనామందిరాధిపతులైరి. తెల్లవారు అధికముగా గల విశ్వవిద్యాలయమున ఆ పదవి నొందిన నల్లవారిలో వారే ప్రథములు. అచ్చట అప్పుడు పరిశోధన చేయుచున్న యువకులలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. వారి తండ్రిగారిని థర్మనుగారు చిరకాలముగ నెఱుగుదురు. 1955లో మాంట్‌గోమరీ నగరమున బస్సుల బహిష్కారముతో కింగ్‌గారి పేరు లోకమున మారుమ్రోగినది. 1958లో మతి చలించిన స్త్రీ యొకతె వారిని పొడిచినపుడు, థర్మనుగారు పోయి పరామర్శించి, వైద్యులు చెప్పిన విశ్రాంతికి మఱి రెండు వారములు చేర్చుకొని, ఉద్యమపు సందడికి దూరముగ నుండి ఆలోచించుకొనుమని సలహా యిచ్చిరి. మఱుసటి సంవత్సరము కింగ్‌గారు హిందూదేశమునకు వచ్చిరి.

ఊరేగింపులు నడుపలేదని, చెఱసాలలకు పోలేదని థర్మనుగారిని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ యాక్షేపణ పూర్తిగ అన్యాయమని మేమనము. వీధిలో దెబ్బలు తినినవారి ఋణము వేఱు. కాని వీధిలోనికి పోవుటకు ముందు మనిషి నడుము నిటారుగా నిలువవలెను గదా. ఆ పని అమ్మమ్మ వద్ద నేర్చి, జీవితమంతయు ఇతరులకు నేర్పిరి.

ఎనుబదవ యేట, 1979లో, థర్మనుగారు స్వీయచరిత్రము ప్రకటించిరి. 1981 ఏప్రిలు 10వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో దివంగతులైరి. మహాత్ములను, కవీశ్వరులను, విశ్వవిద్యాలయాధిపతులను ఎఱిగిన ఆయన ఆ గ్రంథమును ఎవరి కంకితమిచ్చిరో చూతమని మేము మొదటి పుట తెఱచితిమి. అఱువదియైదేండ్ల క్రిందట డేటోనా రైలు స్టేషనులో పెట్టె రుసుము చెల్లించి పోయిన ఆ అపరిచితునికి. పేరు తెలియదు గనుక పేరు వ్రాయలేదు.